పార్కు మాలీ ఎవరి మనిషి?

2025 జూలైలో ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ ఇంజినీరింగ్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు చాలామందికి ముందుగా వచ్చిన సందేహం, అసలు ఈ ఇంజినీరింగ్ కార్మికులంటే ఎవరని. మున్సిపల్ కార్మికులు అనగానే మనకు చీపురు పట్టుకున్న పారిశుధ్య కార్మికులే గుర్తొస్తారు. తెల్లవారకముందే వీధి చివర వాల్వు తిప్పి నీళ్లు వదిలే మనిషి, పంప్‌హౌస్‌లో మోటారు దగ్గర రాత్రంతా కూర్చునే ఆపరేటర్, పైపు పగిలితే గుంతలో దిగి అతుకు వేసే ఫిట్టర్, వీధి దీపాలు చూసే ఎలక్ట్రీషియన్, పార్కులో మొక్కలు బతికించే మాలీ, మున్సిపల్ భవనాలకు కాపలా ఉండే వాచ్‌మన్ వేరే విభాగం. ఆఫీసు లెక్కల్లో వీళ్లంతా ఇంజినీరింగ్ కిందికి వస్తారు.

సమ్మె జీతాల కోసమే అయినా, దాని వెనక ముప్పై ఏళ్లకు పైగా తెగని ప్రశ్న ఒకటుంది. ఊరి పార్కులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మాలీ మున్సిపాలిటీ మనిషా, కాదా?

మన మున్సిపాలిటీలు నిన్నమొన్న పుట్టినవి కావు. 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం కింద మరుసటి ఏడాదే గుంటూరు, రాజమండ్రి, కాకినాడ, నెల్లూరు మున్సిపాలిటీలు అయ్యాయి. బెజవాడ 1888లో అయింది. రోడ్డు, దీపం, నీళ్లు, మురుగు. మున్సిపాలిటీని పెట్టిందే ఈ పనుల కోసం. 74వ రాజ్యాంగ సవరణ ఆ సంగతిని రాజ్యాంగంలోనే రాసింది. పన్నెండో షెడ్యూల్‌లో 18 అంశాలుంటే, వాటిలో నీటి సరఫరా ఉంది, వీధి దీపాలున్నాయి, పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఉన్నాయి. ఈ సవరణ అమల్లోకి వచ్చింది 1993 జూన్ 1న.

ఈ తేదీని గుర్తుపెట్టుకోవాలి. అదే ఏడాది నవంబరు 25 మరో రకంగా కీలకమైంది.

అప్పటికి ఊళ్లు పెరిగాయి. కొత్త కాలనీలు, ఓవర్‌హెడ్ ట్యాంకులు, పార్కులు వచ్చాయి. మంజూరైన పోస్టులు మాత్రం వాటితో పాటు పెరగలేదు. పని ఆగదు కాబట్టి మనుషుల్ని ఎన్‌ఎంఆర్ మీద పెట్టుకున్నారు. ఎన్‌ఎంఆర్ అంటే నామినల్ మస్టర్ రోల్. మస్టరు పుస్తకంలో పేరు రాసి, ఎన్ని రోజులొస్తే అన్ని రోజుల కూలి ఇవ్వడం. అది తాత్కాలిక ఏర్పాటే, కానీ అందులో ఒక ఆశ ఉండేది. పేరు మున్సిపాలిటీ పుస్తకంలోనే ఉంది కదా, ఖాళీ వస్తే మనకే వస్తుందని ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. కొందరికి అలా వచ్చింది కూడా.

ఈ దారిని రాష్ట్రం తెచ్చిన 1994 నాటి రెండో నంబరు చట్టం మూసేసింది. ఇలాంటి దినకూలీ నియామకాలను నిషేధించిన ఈ చట్టం 1993 నవంబరు 25 నుంచే అమల్లోకి వచ్చింది. దొడ్డిదారి నియామకాలు ఆపాలి, జీతాల భారం తగ్గించాలి అన్నది దాని ఉద్దేశం. ఆ కారణాల్లో నిజం లేకపోలేదు. సిఫార్సుల మీద మస్టర్లు నింపిన సందర్భాలు ఉండేవి. కానీ తప్పు చేసిన చేతులు వేరు, నష్టపోయిన చేతులు వేరు. అప్పటికే ఉన్నవాళ్ల కోసం 1994 ఏప్రిల్ 22న జీవో 212 ఇచ్చారు. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్ల సర్వీసు నిండి ఉండాలి, అర్హతలుండాలి, ఖాళీ పోస్టు ఉండాలి. అప్పుడే క్రమబద్ధీకరణ. ఐదేళ్లకు నాలుగు నెలలు తక్కువైనవాడు బయటే ఉండిపోయాడు. తర్వాత ఐదేళ్లు నిండినవాళ్లకు కూడా వర్తింపజేయాలని కోర్టులకెక్కితే, 1998లో చట్టాన్ని సవరించి ఆ తలుపూ మూశారు. 2009లో సుప్రీంకోర్టు ఆ సవరణలను సమర్థించింది.

అంటే, ఒకే ఏడాదిలో ఆరు నెలలు కూడా తేడా లేకుండా, పార్కులూ దీపాలూ నీళ్లూ మీ పనేనని రాజ్యాంగం మున్సిపాలిటీలకు చెప్పింది, వాటికి మనుషుల్ని తీసుకునే దారిని రాష్ట్ర చట్టం కట్టేసింది. ఇప్పటి గొడవల మూలం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

పని ఉంది, మనుషుల్ని తీసుకోకూడదు. మిగిలింది కాంట్రాక్టరు. ఇది మన ఒక్కరి దగ్గరే పుట్టిన ఆలోచన కాదు. బ్రిటన్‌లో 1988 స్థానిక ప్రభుత్వ చట్టం తోటలు, మైదానాల నిర్వహణను, భవనాల శుభ్రతను టెండరుకు పెట్టి తీరాలని స్థానిక సంస్థలకు చెప్పింది. ఆ నిర్బంధాన్ని ఇంగ్లండ్‌లో 2000లో ఎత్తేశారు. మన దగ్గర అలాంటి నిర్బంధం చట్టంలో రాయకపోయినా, వేరే దారి లేకుండా చేయడంతో జరిగింది అదే.

టెండరు పిలుస్తారు, ఏజెన్సీ వస్తుంది. గడువు తీరితే మరో ఏజెన్సీ. పార్కు మారదు, నీళ్ల గొట్టం మారదు, పొద్దున హాజరు వేసే వర్క్ ఇన్‌స్పెక్టరూ మారడు. జీతం ఇచ్చేవాడి పేరు మాత్రం మారుతుంది. నాకు తెలిసిన ఒక మాలీ దగ్గర మూడు పీఎఫ్ నంబర్లు ఉన్నాయి. ఒకదాంట్లో కొన్ని నెలల డబ్బు పడనే లేదు. అడుగుదామంటే ఆ ఏజెన్సీ ఇప్పుడు ఊళ్లో లేదు. మున్సిపాలిటీలకు, కార్పొరేషన్లకు పీఎఫ్ చట్టాన్ని కేంద్రం 2011 జనవరిలో వర్తింపజేసింది. చట్టం వచ్చింది సరే, పాస్‌బుక్‌లో డబ్బు పడిందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత మాత్రం మొక్కలకు నీళ్లు పోసే మనిషి మీదే పడింది.

కోర్టుల్లోనూ దారి ఇరుకైంది. కాంట్రాక్టు వ్యవస్థను నిషేధించినంత మాత్రాన కార్మికులు అసలు యజమాని ఉద్యోగులు అయిపోరని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంతకాలం పనిచేసినా తాత్కాలిక ఉద్యోగికి పర్మినెంట్ హక్కు రాదని 2006లో ఉమాదేవి కేసులో చెప్పింది. 2016లో పంజాబ్ కేసులో మాత్రం, పర్మినెంట్ ఉద్యోగి చేసే పనే చేసే తాత్కాలిక ఉద్యోగికి ఆ పోస్టు స్కేలులోని కనీస జీతం ఇవ్వాల్సిందేనంది.

మాలీల విషయంలో అన్నిటికంటే దగ్గరగా వచ్చిన తీర్పు ఉత్తరప్రదేశ్‌లోని ఘాజియాబాద్‌ది. అక్కడి నగర పాలక సంస్థ ఉద్యానవన విభాగంలో 1998 నుంచి మాలీలుగా పనిచేసినవాళ్లు కనీస వేతనం, క్రమబద్ధీకరణ అడిగారు. ఆ వివాదం నడుస్తుండగానే, 2005 జూలైలో, వాళ్లను నోటీసు లేకుండా, పరిహారం లేకుండా తీసేశారు. వాళ్లు కాంట్రాక్టరు మనుషులని సంస్థ వాదించింది. 2025 జనవరి 31న సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. తిరిగి పనిలోకి తీసుకోవాలని, పనిలో లేని కాలానికి రావాల్సిన జీతంలో సగం చెల్లించాలని, క్రమబద్ధీకరణ ప్రక్రియ మొదలుపెట్టాలని ఆదేశించింది. ఉమాదేవి తీర్పును ఏళ్ల తరబడి దోపిడీ చేయడానికి అడ్డం పెట్టుకోకూడదనీ చెప్పింది. తీసేసిన నాటి నుంచి ఆ తీర్పుకు దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో వాళ్ల ఇళ్లు ఎలా గడిచాయో తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఏజెన్సీల బెడద తప్పిస్తామంటూ 2019లో ప్రభుత్వమే ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం ఆప్కాస్ అనే సంస్థ పెట్టింది. 2020 జూలై నుంచి జీతాలు దాని ద్వారా రావడం మొదలైంది. మధ్యలో కమీషన్ పోవడం ఆగింది, ఇది మేలే. అయితే ఆప్కాస్‌లోకి వెళ్లాక ప్రభుత్వ ఉద్యోగుల లెక్కలో చేర్చి సంక్షేమ పథకాలు ఆపేశారని కార్మికులు మొత్తుకున్నారు. ఉద్యోగ భద్రత అడిగితే మాత్రం మీరు ఔట్‌సోర్సింగ్ అన్నారు. 2023లో ప్రభుత్వం నేరుగా తీసుకున్న కాంట్రాక్టు ఉద్యోగుల్ని క్రమబద్ధీకరించే చట్టం తెచ్చినప్పుడు ఔట్‌సోర్సింగ్ వాళ్లు అందులో లేరు.

జీతాల మెలిక కూడా చూడాలి. 2022 జనవరిలో జీవో 7 ఔట్‌సోర్సింగ్ వేతనాలను పనిని బట్టి మూడు తరగతులుగా, నెలకు 15,000, 18,500, 21,500 రూపాయలుగా పెట్టింది. కార్మికుల ఆరోగ్య బీమా పథకమైన ఈఎస్ఐకి జీతం పరిమితి 2017 నుంచి 21,000. అంటే 21,500 జీతగాడు 500 రూపాయల తేడాతో ఈఎస్ఐ ఆసుపత్రికి దూరమవుతాడు. పారిశుధ్య కార్మికులు 2023 డిసెంబరు 26 నుంచి 16 రోజులు సమ్మె చేసి ఆరోగ్య భత్యంతో కలిపి 21,000 జీతం నిలబెట్టుకున్నారు. ఆరోగ్య భత్యం లేని పార్కు మాలీకి 15,000 దగ్గరే ఆగింది. 2025 సమ్మెకు ఇదో పెద్ద కారణం. ఆ ఏడాది మొదట్లో ఆప్కాస్‌ను తీసేసి మళ్లీ ఏజెన్సీలకు అప్పగిస్తారన్న వార్తలు రావడంతో టెన్షన్ ఇంకా పెరిగింది. తెలంగాణలో 2021 జూన్‌లో జీవో 60తో 15,600, 19,500, 22,750 చేశారు. అంకెలు వేరు, సమస్య ఒకటే.

2025 నవంబరు 21న, పాత కార్మిక చట్టాల స్థానంలో కేంద్రం తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వృత్తి భద్రత కోడ్ ప్రకారం సంస్థ అసలు పనిలో కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టకూడదు, దానికి కొన్ని మినహాయింపులున్నాయి. అసలు పని కిందికి రానివంటూ ఇచ్చిన జాబితాలో పారిశుధ్యం, కాపలా, నిర్మాణ నిర్వహణ పనులు, తోటపని, పచ్చిక సంరక్షణ ఉన్నాయి. ఇంజినీరింగ్ విభాగంలో సగం ఆ జాబితాలోనే కనిపిస్తుంది. అయితే ఆ జాబితాకు ముందే ఒక షరతు ఉంది. సంస్థను ఆ పని కోసమే నెలకొల్పి ఉంటే మినహాయింపు చెల్లదు. సిమెంటు ఫ్యాక్టరీకి తోటపని పక్క పని కావచ్చు. మున్సిపాలిటీకి పార్కు పక్క పని ఎలా అవుతుందో, పన్నెండో షెడ్యూల్ చేతిలో పట్టుకుని కార్మిక సంఘాలు అడగాల్సింది ఇక్కడే.