పండగ సీజన్ విస్కీలు: అపోహలు - వాస్తవాలు

మాది నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంటకు దగ్గరి పల్లె. పద్దెనిమిదేళ్లుగా కర్ణాటకలో ఒక చిన్న మాల్ట్ విస్కీ కర్మాగారంలో పీపాల గోదాము చూసుకుంటున్నాను. దసరా దాటగానే కావలి నుంచి, ఒంగోలు నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, దీపావళికి కొత్త సీసా వచ్చిందట, అంత ధర పెట్టవచ్చా?" అని. అడిగినవారికల్లా చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సీజనల్ విడుదల అంటే అట్టపెట్టె మార్చి ధర పెంచడమే.

కొన్ని కంపెనీలు అలాగే చేస్తాయి, కాదనను. కానీ చిన్న కర్మాగారాల్లో 'పరిమితం' అన్న మాటకు వెనుక లెక్క ఉంటుంది. 200 లీటర్ల ఓక్ పీపా నింపి గోదాములో పెట్టామనుకోండి. బెంగళూరు వాతావరణంలోనే ఏడాదికి పది శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, చెక్క రంధ్రాల గుండా ఆవిరైపోతుంది. మా వృత్తిలో దీన్ని 'ఏంజెల్స్ షేర్' అంటారు, దేవదూతల వాటా అని. అయిదేళ్లకు మిగిలేది దాదాపు 118 లీటర్లు. నీళ్లు కలపకుండా 750 మిల్లీలీటర్ల సీసాల్లో నింపితే 157 సీసాలు. ఆ పీపాలో అంతే. పక్కనే అదే రోజు నింపిన పీపా రుచి వేరు.

మే నెలలో గోదాములోకి వెళ్లి చూడాలి. కొయ్య సుత్తితో బిరడా చుట్టూ నాలుగు దెబ్బలు వేస్తే అది కదిలి పైకి లేస్తుంది. ఎండుద్రాక్ష, కాల్చిన కొబ్బరి, కొత్త బల్ల వాసన కలిసి ముఖానికి తగులుతాయి. కొలకర్ర దించి తీస్తే తడి గీత పోయినసారి కంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

'సీజన్' అన్నది వ్యాపారం కోసం పుట్టిన మాట కూడా కాదు. అమెరికాలో 1897 నాటి 'బాటిల్డ్ ఇన్ బాండ్' చట్టం ప్రకారం ఆ పేరు పెట్టుకునే విస్కీ ఒకే కర్మాగారంలో, ఒకే సీజన్‌లో బట్టీ పట్టిందై ఉండాలి. జనవరి నుంచి జూన్ వరకు ఒక సీజన్, జులై నుంచి డిసెంబర్ వరకు మరొకటి. తరువాత ప్రభుత్వ పర్యవేక్షణలోని గోదాములో కనీసం నాలుగేళ్లు ఉండి, 50 శాతం ఆల్కహాల్‌తో సీసాలోకి రావాలి. మన దేశంలోనూ మంచి ఉదాహరణలున్నాయి. హరియాణాలో తయారయ్యే ఇంద్రి వారి దీపావళి ప్రత్యేక విడుదల 2023లో అమెరికాలో జరిగిన 'విస్కీస్ ఆఫ్ ది వరల్డ్' పోటీలో అగ్రస్థానం తెచ్చుకుంది. గోవా నుంచి పాల్ జాన్ వారు క్రిస్మస్ విడుదలలు తెస్తున్నారు.

అపోహ: ఏళ్లు ఎంత ఎక్కువైతే విస్కీ అంత గొప్పది.

మన మొలగొలుకులు పాతబడితే అన్నం పొడిపొడిగా వస్తుంది. అలాగని ఆ బియ్యాన్ని పదేళ్లు గాదెలో ఉంచితే మిగిలేది పురుగే. పీపా కూడా అంతే. స్కాట్లండ్ చలిలో ఏడాదికి పోయేది రెండు శాతం, కాబట్టి పదేళ్ల తరువాత కూడా 200లో 163 లీటర్లు మిగులుతాయి. మన దగ్గర 70 మిగిలితే అదృష్టం. మిగిలినదాంట్లోనూ చెక్క చేదు ముదురుతుంది. అందుకే 2013లో బెంగళూరు విస్కీ కంపెనీ అమృత్ వారు 'గ్రీడీ ఏంజెల్స్', అంటే అత్యాశ దేవదూతలు, అన్న పేరుతో ఎనిమిదేళ్ల విస్కీ తెస్తే మా రంగంలో అందరూ ఆశ్చర్యపోయారు. మన ఎండలో అయిదారేళ్లకే పండిన విస్కీని స్కాట్లండ్ పన్నెండేళ్ల సరుకు పక్కన పెట్టి 'చిన్నది' అనడం అన్యాయం.

అపోహ: రంగు ముదురుగా ఉంటే మంచి సరుకు.

స్కాచ్‌లో మాడ్చిన చక్కెర రంగు కలపడానికి చట్టమే అనుమతిస్తుంది. రంగు చూసి కొనవద్దు.

అపోహ: భారతీయ విస్కీలన్నీ ఒకటే.

చవక సీసాల్లో చాలావాటికి మూలం మొలాసిస్, అంటే చక్కెర మిల్లు మడ్డి. యూరప్‌లో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. అక్కడ ధాన్యంతోనే చేయాలి, కనీసం మూడేళ్లు పీపాలో ఉంచాలి. సింగిల్ మాల్ట్ మాత్రం రాగిమాల్ట్‌కు రాగులను మొలకెత్తించినట్టు బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, ఒకే కర్మాగారంలో బట్టీ పట్టినది. లేబుల్ వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. తేడా అక్కడే ఉంటుంది.

అపోహ: చిన్నగా, చేత్తో చేసేదే క్రాఫ్ట్ అయితే మన నాటుసారా కూడా క్రాఫ్టే కదా.

ఈ ప్రశ్న విన్నప్పుడు నాకు కోపం వస్తుంది. మా అమ్మ 1992లో దూబగుంట ఆడవాళ్లతో కలిసి సారా దుకాణం ముందు నిలబడిన మనిషి. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. రెండోది 1997లో సడలింది. నేను ఈ పనిలో చేరినప్పుడు అమ్మ ఆరు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. ఆమె కోపం న్యాయమైనదే.

మా పనిలో బట్టీ నుంచి మొదట వచ్చే ధార గోళ్లరంగు చెరిపే మందులా కొడుతుంది, దాన్ని పక్కకు మళ్లిస్తాం. చివరిది తడిసిన గోనెసంచి వాసన, దాన్నీ వేరు చేస్తాం. నడుమ ధార మాత్రమే పీపాలోకి వెళుతుంది. ప్రతి విడతకూ ప్రయోగశాల పరీక్ష ఉంటుంది. దొంగబట్టీలో పరీక్ష లేదు, ఏమి కలిపారో అడిగే దిక్కు లేదు. ధాన్యం పులిసినప్పుడు పుట్టే మిథనాల్ చాలా తక్కువ. కల్తీ సారాలో ప్రాణాలు తీసేది సాధారణంగా పరిశ్రమల మిథనాల్ తెచ్చి కలపడమే. మత్తు కోసం ఏదైతేనేమి అనుకుంటే ఏమవుతుందో 2020 జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో చూశాం. కరోనా వల్ల మద్యం దుకాణాలు మూతపడిన రోజుల్లో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు.

అపోహ: జలుబుకు, గుండెకు ఒక పెగ్గు మందు.

మందు కాదు. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. తాగాక వచ్చే వెచ్చదనం చర్మంలోని రక్తనాళాలు విప్పారడం వల్ల. లోపలి వేడి నిజానికి తగ్గుతుంది. తాగనివారికి పండగ బహుమతిగా సీసా ఇచ్చి అలవాటు చేయకండి.

అపోహ: సీసా కొని దాచిపెడితే ఇంకా పండుతుంది.

పీపా దాటాక విస్కీ పండదు. 2019లో సీసాలోకి దిగిన అయిదేళ్ల విస్కీ ఈ రోజుకూ అయిదేళ్లదే. నెల్లూరు ఎండలో అద్దాల అల్మారాలో అలంకారానికి పెడితే ఉన్న రుచీ పోతుంది. నిలబెట్టే ఉంచండి. పడుకోబెడితే ఘాటుకు బిరడా నాని పొడిపొడి అవుతుంది. మూత తీశాక సగానికి దిగిందంటే గాలి పని మొదలైనట్టే. పోయిన సంక్రాంతికి ఒక బావ మూడేళ్లుగా దాచిన పావు సీసా ఎంతో ప్రేమగా చూపించాడు. వాసన చూస్తే తడి అట్టముక్కలా ఉంది. ఏ పీపా నుంచి వచ్చిందో లేబుల్ మీద నంబరు మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు.