ఎవరిని తీసుకోవాలి? ఫిలడెల్ఫియాలో మొదలైన తగవు

1999 ఏప్రిల్ 17, శనివారం. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ థియేటర్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఫిలడెల్ఫియా ఈగల్స్ ఫ్యాన్స్ ఓ ముప్పై మంది గుంపుగా కూర్చున్నారు. వాళ్లను పోగేసి అక్కడికి తీసుకొచ్చింది వాళ్ల ఊరి స్పోర్ట్స్ రేడియో. వాళ్లకు కావలసింది ఒకే ఒక్క పేరు: రికీ విలియమ్స్. టెక్సస్ యూనివర్సిటీ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు), కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్దదైన హైస్‌మన్ ట్రోఫీ అంతకు నాలుగు నెలల ముందే గెలిచాడు. అతన్నే తీసుకోవాలని ఫిలడెల్ఫియా మేయరు కూడా బహిరంగంగానే చెప్పాడు.

లీగ్ కమిషనర్ మైకు ముందుకొచ్చి చదివిన పేరు మాత్రం డోనవన్ మెక్‌నాబ్. సిరక్యూజ్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ ఆటను నడిపేవాడు. జీవితంలో అంత పెద్ద రోజున ఆ కుర్రాడు స్టేజీ ఎక్కుతుంటే, అతను ఇంకా ఒక్క ఆట కూడా ఆడకముందే సొంత టీమ్ ఫ్యాన్సే ‘బూ’ అని అరుస్తున్నారు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు, అమెరికావాళ్లు చేత్తో పట్టుకుని పరిగెత్తేది. ఆ లీగ్ పేరు ఎన్‌ఎఫ్‌ఎల్. ఏటా వసంతంలో కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా పంచుకునే తంతే డ్రాఫ్ట్. ఐపీఎల్ వేలం చూసే మనకు ఇది సగమే అర్థమవుతుంది. వేలంలో డబ్బున్నవాడిదే పైచేయి. డ్రాఫ్ట్‌లో పోయినేడాది అందరికన్నా ఘోరంగా ఓడినవాడిది మొదటి వంతు. మన క్యాంపస్ ప్లేస్‌మెంట్స్‌లో ఇలాంటి రూల్ ఉందనుకోండి: పోయినేడు బాగా నష్టపోయిన కంపెనీకే కాలేజీ టాపర్ వెళ్లాలి, వాడు ‘నేను వేరే కంపెనీకి పోతా’ అనడానికి లేదు. అదీ సంగతి. ఐపీఎల్‌లో కూడా ఒకసారి ఈ పద్ధతి వాడారు. 2008లో అండర్-19 కుర్రాళ్లను వేలం వేయకుండా డ్రాఫ్ట్‌లో పంచితే, ఢిల్లీ ప్రదీప్ సంగ్వాన్‌ను తీసుకుంది, బెంగళూరుకు విరాట్ కోహ్లీ దక్కాడు. ఢిల్లీ ఫ్యాన్స్‌ని అడిగి చూడండి, ఆ రోజు గురించి ఇప్పటికీ ఎలా మాట్లాడతారో.

మెక్‌నాబ్‌ను గేలి చేసిన వాళ్లకు తెలుసో తెలియదో గానీ, ఈ డ్రాఫ్ట్ అనేదాన్ని పుట్టించింది వాళ్ల టీమే.

ఈగల్స్‌ను 1933లో కొన్న బెర్ట్ బెల్ ఫిలడెల్ఫియా పెద్దింటి బిడ్డ. నాన్న పెన్సిల్వేనియా రాష్ట్రానికి అటార్నీ జనరల్‌గా చేసినవాడు. ఇంత ఉన్నా టీమ్ మాత్రం ఓడుతూనే ఉండేది. అప్పట్లో కాలేజీ నుంచి బయటికొచ్చిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో బేరం కుదుర్చుకునేవాడు. సహజంగానే మంచి ఆటగాళ్లంతా గెలిచే జట్లకు, అంటే న్యూయార్క్ జెయింట్స్, షికాగో బేర్స్ లాంటి వాటికి వెళ్లిపోయేవారు. మిన్నెసోటా ఆటగాడు స్టాన్ కోస్ట్కా కోసం బెల్ చాలా ప్రయత్నించాడు. పాట పెరిగి పెరిగి చివరికి కోస్ట్కా బ్రూక్లిన్ జట్టుకు పోయాడు. అదీ 5,000 డాలర్లకని చెబుతారు. ముప్పైల నాటి ఆర్థిక మాంద్యం రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

ఇలాంటి పోటీ పాటలతో విసిగే 1935 మే నెలలో యజమానుల మీటింగ్‌లో బెల్ తన ప్రతిపాదన పెట్టాడు. ఆఖరున ఉన్నవాడు ముందు ఎంచుకోవాలి, ఒకరు ఎంచుకున్న కుర్రాడితో ఇంకొకరు మాట్లాడకూడదు. జెయింట్స్ యజమాని టిమ్ మారా, బేర్స్ యజమాని జార్జ్ హాలస్ దీనివల్ల నష్టపోయేవాళ్లే, అయినా సరేనన్నారు. లీగ్ బతికితేనే తామూ బతుకుతామన్న లెక్క అందులో ఉంది. ఇంకో లెక్క కూడా ఉంది. దాన్ని గట్టిగా ఎవరూ చెప్పరు. పోటీ పాట ఉండదు కాబట్టి జీతాలు పెరగవు. డ్రాఫ్ట్ గురించి ఇప్పుడు వినిపించే సమన్యాయం మాటలన్నీ నిజమే కావచ్చు. పుట్టుకలో మాత్రం అది యజమానులు ఒకరి జేబుకు ఒకరు కాపలా కాసుకోవడానికి చేసుకున్న ఒప్పందం.

మొదటి డ్రాఫ్ట్ 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో జరిగింది. అది బెల్ కుటుంబానిదే. తొమ్మిది జట్లు, తొమ్మిది రౌండ్లు. బ్లాక్‌బోర్డు మీద 90 పేర్లు రాసి పెట్టారు, 81 మందిని ఎంచుకున్నారు. తిరిగి ఆటగాళ్లను వెతికిపెట్టే స్కౌట్లు లేరు, వీడియోలు లేవు. పేపర్లలో చదివింది, నోటి మాటగా విన్నది, అంతే ఆధారం. ఫ్యాన్స్ వాదించుకోవడం మాట అటుంచి, అలాంటిదొకటి జరుగుతోందనే చాలామందికి తెలియదు.

అడుగున ఉన్నది ఈగల్సే కాబట్టి మొదటి వంతు వాళ్లదే. షికాగో యూనివర్సిటీ ఆటగాడు జే బెర్వాంగర్‌ను తీసుకున్నారు. తర్వాత హైస్‌మన్‌గా పేరు మారిన ట్రోఫీని మొట్టమొదట గెలిచింది ఇతనే. (మిషిగన్ తరఫున ఆడుతూ ఇతన్ని పడగొట్టబోయి కంటి కింద గాయపడ్డ కుర్రాడొకడు తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు, పేరు జెరాల్డ్ ఫోర్డ్.) బెర్వాంగర్ అడిగేంత డబ్బు బెల్ ఇచ్చుకోలేడు. హక్కులు హాలస్‌కు అప్పగించాడు. హాలస్ కూడా బేరం తెంచుకోలేకపోయాడు. బెర్వాంగర్ ఫోమ్ రబ్బరు అమ్మే ఉద్యోగంలో చేరిపోయి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ ఏడు ఎంచుకున్న తొమ్మిది మందిలో ఈగల్స్ ఒక్కరితో కూడా సంతకం పెట్టించలేకపోయింది. డ్రాఫ్ట్ కనిపెట్టిన మనిషికి మొదటి డ్రాఫ్ట్‌లో దక్కింది గుండుసున్నా!

ఎవరిని తీసుకోవాలి అని వాదించాలంటే ముందు ఎవరెవరు ఉన్నారో తెలియాలి కదా. ఆ తర్వాతి ముప్పై నలభై ఏళ్ల కథంతా ఈ తెలుసుకోవడం గురించే. 1946లో లాస్ ఏంజెలెస్ రామ్స్ ఎడ్డీ కోటల్‌ను పూర్తికాలపు స్కౌట్‌గా పెట్టుకుంది. కాలేజీలు తిరుగుతూ కుర్రాళ్లను చూడటమే అతని పని. అప్పటిదాకా ఎవరూ చూడని కాలేజీలు కొన్ని ఉన్నాయి, నల్లజాతి విద్యార్థుల కాలేజీలు. 1934 నుంచి 1945 వరకు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క నల్ల ఆటగాడూ లేడు. డ్రాఫ్ట్‌లో నల్లవాళ్ల పేరు పలకడానికి 1949 దాకా ఆగాల్సి వచ్చింది. సమన్యాయం కోసం పెట్టిన బ్లాక్‌బోర్డు మీద పదమూడేళ్లపాటు కొన్ని పేర్లు రాయనే లేదు.

అరవైల్లో ఏఎఫ్‌ఎల్ అనే పోటీ లీగ్ వచ్చాక ఇదంతా దొంగాపోలీసు ఆట అయింది. ఒకే కుర్రాణ్ణి రెండు లీగులూ డ్రాఫ్ట్ చేసేవి. ఎదుటి లీగ్ వాళ్లు కలవకుండా కుర్రాళ్లను హోటళ్లలో దాచి పక్కన మనుషుల్ని కాపలా పెట్టేవారు, వాళ్లను బేబీసిట్టర్లు అనేవారు. డాలస్ పక్కన రిచర్డ్‌సన్ ఊరు అక్కడి తెలుగువాళ్లందరికీ తెలిసిందే. 1964లో ఆ ఊళ్లోనే ఒక మోటెల్లో ఓటిస్ టేలర్ అనే ఆటగాణ్ణి ఎన్‌ఎఫ్‌ఎల్ మనుషులు ఉంచారు. కాన్సస్ సిటీ చీఫ్స్ స్కౌట్ లాయిడ్ వెల్స్ రాత్రిపూట వచ్చి వెనక కిటికీలోంచి అతన్ని దింపి తీసుకుపోయాడు. వెల్స్ అంతకుముందు నల్లజాతి పత్రికల్లో ఫొటో జర్నలిస్టు. టేలర్ తర్వాత చీఫ్స్‌కు సూపర్ బౌల్‌లో, అంటే చాంపియన్ ఎవరో తేల్చే ఆఖరి ఆటలో, టచ్‌డౌన్ చేశాడు (బంతిని అవతలి గీత దాటించాడు). ఈ ఖర్చు, ఈ తలనొప్పి భరించలేకే రెండు లీగులూ విలీనానికి ఒప్పుకున్నాయి. 1967 నుంచి ఇద్దరికీ కలిపి ఒకటే డ్రాఫ్ట్.

అదే డాలస్‌లో మరో ముచ్చట నడుస్తోంది. ఆ ఊరి జట్టు కౌబాయ్స్ జనరల్ మేనేజర్ టెక్స్ ష్రామ్‌కు కంప్యూటర్ల పిచ్చి పట్టింది. స్కౌట్లు ‘కుర్రాడు బాగున్నాడు, గట్టోడు’ అని రాసిచ్చే మాటలను అంకెల్లోకి మార్చడానికి ఐబీఎం తరఫున వచ్చిన మనిషి ఎవరనుకున్నారు? భారత్‌లో పుట్టిన గణాంక నిపుణుడు సలామ్ ఖురేషీ. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి అతనికి ఓనమాలు కూడా తెలియవు. అదే మంచిదైంది. తెలిసినవాడు అడగని ప్రశ్నలు అతను అడిగాడు. చురుకు అంటే ఏమిటి? ఏది పదికి ఎనిమిది, ఏది పదికి నాలుగు? చివరికి గుణం, చురుకుదనం, పోటీతత్వం, బుర్ర, బలం అనే ఐదు కొలతల దగ్గర తేల్చారు. 1966 నుంచి వరసగా ఇరవై సీజన్లు కౌబాయ్స్ ఓటముల కన్నా గెలుపులే ఎక్కువగా సాధించింది. అమెరికాలో మనవాళ్లు కంప్యూటర్ పనికి పోవడం తొంభైల్లో మొదలైందనుకునేవాళ్లకు ఇదొక ఉదాహరణ.

అంకెలతో పాటు మనిషి కన్ను కూడా పనిచేసింది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు బిల్ నన్ అనే మనిషి ఉండేవాడు. ఆయనా నల్లజాతి పత్రికలో పనిచేసి వచ్చినవాడే. అలబామా ఏ అండ్ ఎం కాలేజీలో జాన్ స్టాల్‌వర్త్ తడి మైదానంలో నెమ్మదిగా పరిగెత్తాడని మిగతా స్కౌట్లు పెదవి విరిచి వెళ్లిపోయారు. నన్ ఒంట్లో బాగోలేదని వంక పెట్టి ఒక రోజు ఉండిపోయి, పొడి నేల మీద మళ్లీ పరిగెత్తించి టైమ్ చూసుకున్నాడంటారు. 1974 డ్రాఫ్ట్‌లో స్టీలర్స్ తీసుకున్నవాళ్లలో స్టాల్‌వర్త్‌తో కలిపి నలుగురు హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లారు. అలాంటి డ్రాఫ్ట్ ఇంకొకటి లేదు.

ఇదంతా జట్ల లోపలి రహస్యం. అది వీధిలోకి ఎలా వచ్చింది? 1980లో. ఈఎస్‌పీఎన్ అప్పటికి ఏడాది కూడా నిండని కేబుల్ చానల్. గంటలకొద్దీ ఏదో ఒకటి చూపించాలి. డ్రాఫ్ట్‌ను లైవ్ ఇస్తామని అడిగితే కమిషనర్ పీట్ రోజెల్‌కు అర్థం కాలేదు. హోటల్ హాల్లో ఫోన్లు పట్టుకుని పేర్లు చదవడంలో చూసేదేముంది? యజమానులూ వద్దన్నారు. చివరికి మంగళవారం పొద్దున ప్రసారమైంది. చూశారు జనం. 1988లో వారాంతానికి మార్చారు, 2010లో మొదటి రౌండును గురువారం రాత్రికి జరిపారు.

టీవీకి మాటలు కావాలి, మాటలకు మనిషి కావాలి. బాల్టిమోర్ కుర్రాడు మెల్ కైపర్ ఇంట్లో కూర్చుని కాలేజీ ఆటగాళ్ల మీద సొంత రిపోర్టులు రాసి అమ్ముకునేవాడు. 1984లో ఈఎస్‌పీఎన్ తెర మీదికొచ్చాడు. అతనికంటే లోతైనవాడని నాకనిపించేది జోయెల్ బుక్స్‌బామ్. బ్రూక్లిన్ అపార్ట్‌మెంట్ నుంచి పెద్దగా బయటికి రాకుండా టేపులు చూస్తూ, ఫోన్లు చేస్తూ వందలమంది కుర్రాళ్ల చిట్టా రాసేవాడు. 2002లో 48 ఏళ్లకే పోయాడు. అంత్యక్రియలకు బిల్ బెలిచిక్ అంతటి కోచ్ వచ్చాడు. వీళ్లిద్దరూ ఎన్నడూ ఆ లీగ్‌లో ఆడినవాళ్లు కాదు. సామాన్య ఫ్యాన్‌కు ధైర్యం వచ్చింది అక్కడే. వాళ్లకు తెలిస్తే నాకెందుకు తెలియదు?

1994లో ఇది టీవీలోనే పేలింది. ఇండియానాపొలిస్ కోల్ట్స్ ఐదో వంతులో క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ డిల్ఫర్‌ను వదిలి ట్రెవ్ ఆల్బర్ట్స్ అనే డిఫెండర్‌ను తీసుకుంది. కైపర్ ఉతికి ఆరేశాడు. కోల్ట్స్ వ్యవహారాలు చూసే బిల్ టోబిన్ లైవ్‌లోనే విరుచుకుపడ్డాడు: ఎవడీ మెల్ కైపర్, మా పక్కింటాయన పోస్ట్‌మన్, ఇతనికున్న అర్హతే ఆయనకూ ఉంది అన్నాడు. ఆల్బర్ట్స్ గాయాలతో మూడు సీజన్లకే ఆట మానేశాడు. డిల్ఫర్ ఎప్పుడూ గొప్ప ఆటగాడనిపించుకోలేదు గానీ, ఇంకో జట్టుతో సూపర్ బౌల్ గెలిచాడు. మరి కైపర్, టోబిన్ ఇద్దరిలో ఎవరిది రైటు? ముప్పై ఏళ్లుగా తేలలేదు.

మధ్యలో కొలతలు వచ్చిపడ్డాయి. 1982లో మొదలైన క్యాంపు, 1987 నుంచి ఇండియానాపొలిస్‌లోనే జరుగుతున్నది, దాన్నే కంబైన్ అంటారు. కుర్రాళ్లను లోదుస్తులతో నిలబెట్టి తూచి, చేయి ఎంత పొడవు, అరచెయ్యి ఎంత వెడల్పు అని కొలుస్తారు. నలభై గజాలు పరిగెత్తిస్తారు. సంతలో ఎడ్లకు పళ్లు చూసినట్టుంటుంది, ఆ మాట అమెరికాలోనూ చాలామంది అన్నారు. ఆ అంకెలన్నీ ఇప్పుడు ఫ్యాన్స్ నోట్లో నానుతాయి. ఇన్ని కొలిచినా 2000లో టామ్ బ్రేడీ 199వ వాడుగా పోయాడు. అతని కన్నా ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లను ఎంచుకున్నారు. 2022లో ఆఖరుకు, 262వ పేరుగా మిగిలిన బ్రాక్ పర్డీ రెండేళ్లు తిరగకముందే సూపర్ బౌల్ ఆడాడు.

ఇక 1999 సంగతి. ఫిలడెల్ఫియా వాళ్లు ఏడ్చి మొత్తుకున్న రికీ విలియమ్స్ కోసం న్యూ ఆర్లీన్స్ కోచ్ మైక్ డిట్కా ఆ ఏటి తన పిక్స్ (ఎంచుకునే వంతులు) అన్నీ ఇచ్చేశాడు, మరుసటి ఏటివి రెండు కలిపి. పత్రిక కవర్ మీద విలియమ్స్ పెళ్లికూతురి గౌనులో, డిట్కా పెళ్లికొడుకు సూటులో ఫొటో దిగారు. ఆ సీజన్‌లో జట్టు 16 ఆటల్లో 3 గెలిచింది, డిట్కా ఉద్యోగం పోయింది. మెక్‌నాబ్ ఈగల్స్‌ను ఐదుసార్లు సూపర్ బౌల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్‌కు, ఒకసారి సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు. 2013లో అతని 5వ నంబరు జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వమని టీమ్ ప్రకటించింది. ఆ ముప్పై మందినీ తప్పుబట్టాలని లేదు నాకు. నిపుణులు కూడా అంత తరచుగా తప్పుతుంటే, వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

2017లో డ్రాఫ్ట్ మళ్లీ పుట్టింటికి వచ్చింది. ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం మెట్ల మీద స్టేజీ వేశారు, ముందు రోడ్డంతా జనం. రెండోరోజు డాలస్ తరఫున పేరు చదవడానికి పాత ఆటగాడు డ్రూ పియర్సన్ వచ్చాడు. ఈగల్స్ ఫ్యాన్స్‌కు డాలస్ అంటే ఒళ్లుమంట. ‘బూ’ అంటూ హోరెత్తించారు. పియర్సన్ తగ్గలేదు. నాకు ఈ లీగ్‌లో కెరీర్ ఇచ్చినందుకు ఈగల్స్ ఫ్యాన్స్‌కు థాంక్స్ అని వెక్కిరిస్తూ, ఐదుసార్లు చాంపియన్లయిన డాలస్ తరఫున అంటూ గొంతు చించుకుని పేరు చదివాడు. జనం ఇంకా రెచ్చిపోయారు.

1973లో ఈ పియర్సన్ కాలేజీ నుంచి వచ్చినప్పుడు డ్రాఫ్ట్ 17 రౌండ్లు నడిచింది. 26 జట్లు కలిసి 442 మందిని ఎంచుకున్నాయి, కంప్యూటర్ ఉన్న డాలస్‌తో సహా. ఆ 442 పేర్లలో ఇతని పేరు లేదు.