చక్ బెర్రీ పాటల్లో పియానో వాటా ఎంత

రాక్ అండ్ రోల్ అంటే గిటారే అనుకుంటాం గానీ 1950ల మొదట్లో దానిది ఎక్కువగా వెనక వరుసే. ముందుండేది పియానో, శాక్సఫోన్. న్యూ ఆర్లీన్స్ ఫ్యాట్స్ డామినో పియానో వాయిస్తూనే స్టార్ అయ్యాడు, లిటిల్ రిచర్డ్ అయితే లేచి నిలబడి మరీ బాదేవాడు, పాట మధ్యలో సోలో వచ్చిందంటే చాలాసార్లు అది శాక్స్‌దే. ఇది గుర్తుంటే 2000లో సెయింట్ లూయిస్‌లో పియానిస్ట్ జానీ జాన్సన్ వేసిన కేసు వింతగా అనిపించదు. రాక్ అండ్ రోల్ గాయకుడు, గిటారిస్ట్ చక్ బెర్రీ పేరు మీదున్న యాభైకి పైగా పాటలు ఇద్దరం కలిసి కట్టినవే, నాకూ వాటా రావాలి అన్నాడాయన.

అసలు ఆ బ్యాండ్ జాన్సన్‌దే. 1952 డిసెంబర్ 31 రాత్రి ప్రోగ్రాం ఉంది, శాక్స్ వాయించే అతనికేమో ఒంట్లో బాలేదు, ఆ ఖాళీలోకి బెర్రీని పిలిచారు. అంటే శాక్స్ కుర్చీలో గిటార్ వచ్చి కూర్చుంది, కొన్నాళ్లకి బ్యాండే ఆయనదైపోయింది! 1955లో చికాగో వెళ్లి చెస్ అనే రికార్డు కంపెనీకి 'మేబెలీన్' రికార్డ్ చేశారు, పియానో జాన్సనే. తమాషా ఏంటంటే రచయితలుగా బెర్రీ పక్కన ఇంకో రెండు పేర్లు ఎక్కాయి, అందులో ఒకటి రేడియో డీజే అలన్ ఫ్రీడ్‌ది, రేడియోలో పాట తిప్పుతాడని. ఒక్క ముక్క రాయనోడికి పేరుంది, పియానో వాయించినోడికి లేదు.

దశాబ్దాలు గడిచాయి, 1986లో బెర్రీ అరవయ్యో పుట్టినరోజు కచేరీకి రోలింగ్ స్టోన్స్ గిటారిస్ట్ కీత్ రిచర్డ్స్ బ్యాండ్ కూరుస్తూ జాన్సన్‌ని వెతికి పట్టుకున్నాడు, అప్పటికి ఆయన బస్సు నడుపుకుంటున్నాడు. కీత్ పట్టుకున్న పాయింట్ ఏంటంటే, గిటార్ వాళ్లకి వేలితో నొక్కని ఖాళీ తీగలు పలికే E, A లాంటి కీలు (అంటే పాట ఆధారపడే శ్రుతులు) సుఖం, మరి బెర్రీ పాటలు చూస్తే B ఫ్లాట్, E ఫ్లాట్‌లో బోలెడు, అవి పియానోకీ శాక్స్‌కీ అలవాటైన కీలు కదా, కాబట్టి ఇవి పియానో దగ్గర పుట్టిన పాటలే అని.

నాకు ఇది సగమే నమ్మబుద్ధేస్తుంది. కీ పియానోది అయినంత మాత్రాన పాట పియానిస్ట్‌దైపోదు. ఆ మాటకొస్తే 'జానీ బి. గుడ్' మొదట్లో వచ్చే ఫేమస్ గిటార్ ముక్క కూడా 1946లో గాయకుడు లూయిస్ జోర్డన్ రికార్డులో గిటారిస్ట్ కార్ల్ హోగన్ వాయించినదానికి దాదాపు జిరాక్సే. పైగా మాటలన్నీ బెర్రీవే, ఆ కార్లు, స్కూళ్లు, కుర్రకారు కబుర్లు ఇంకెవరూ అలా రాయలేదు. కానీ బెర్రీ వేళ్లు గిటార్ మీద పియానోలా పరిగెత్తడం పక్కన జాన్సన్ లేకపోతే వచ్చేదా అంటే మాత్రం డౌటే.

కోర్టు ఇదేదీ తేల్చలేదు. ఇలాంటి వాటా కేసు అమెరికా చట్టం ప్రకారం మూడేళ్లలోపు వేయాలి, మరీ లేటుగా వచ్చావని 2002లో కొట్టేసింది. ఈలోగా 2001లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు జాన్సన్‌కి చోటిచ్చారు, అదీ పక్కవాద్యం కేటగిరీలో.