కలర్ నెగటివ్ మీద అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు ఈ మధ్య సినిమా నెగటివ్ (కెమెరాలో తిరిగే, రంగులు తిరగబడి పడే ఫిల్మ్) గురించి తెగ అడుగుతున్నారు. మంచిదే. కాకపోతే వాళ్లకు తెలిసినదాంట్లో సగం ఫోన్‌లో ఫిల్టర్లు నేర్పినవే. ఫిల్మ్ రోజుల్లో కెమెరా డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినవాడిగా, తరచూ వినపడే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఎక్స్‌పోజర్ కొంచెం తక్కువగా ఉంటేనే సేఫ్.

ఇది డిజిటల్ అలవాటు. సెన్సార్‌లో తెలుపు హద్దు దాటితే అక్కడ ఇక ఏమీ మిగలదు కాబట్టి తక్కువలో తీసి తర్వాత పెంచుకుంటారు. కలర్ నెగటివ్ లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వెలుతురు పడేకొద్దీ నెగటివ్ చిక్కబడుతుంది, పైకి వెళ్లాక ఆ పెరుగుదల మెల్లగా తగ్గుతుందే తప్ప ఒక్కసారిగా తెగిపోదు. నీడల దగ్గర మాత్రం కనికరం లేదు. అక్కడ చాలినంత వెలుతురు పడకపోతే ఉత్త బేస్ (ఖాళీ ఫిల్మ్ పట్టీ) తప్ప ఏమీ ఉండదు. లేనిదాన్ని ఏ ల్యాబ్ వాళ్లూ తెచ్చివ్వలేరు.

రామప్ప గుడినే తీసుకోండి. చూరు కింద నీడలో నల్లరాతి మదనిక శిల్పాలు, పక్కనే ఎండ పడే ఎర్రటి ఇసుకరాయి గోడ. స్పాట్ మీటర్‌తో (ఒక చిన్న చోటి వెలుతురును కొలిచే పరికరం) చూస్తే రెండింటి మధ్య నాలుగైదు స్టాపుల తేడా రావచ్చు, ఒక్కో స్టాప్‌కు వెలుతురు రెట్టింపు. మీటర్ దేన్ని చూసినా 18 శాతం గ్రే, అంటే మధ్యస్థపు బూడిద రంగు అనుకుంటుంది. మదనిక మీద వచ్చిన రీడింగ్ అలాగే పెడితే నల్లరాయి బూడిదగా వస్తుంది. అందుకని ఆ రీడింగ్ నుంచి లెన్స్‌ను రెండు స్టాపులు మూసి తీస్తాం. అప్పుడు మదనిక మధ్యస్థాయికి రెండు స్టాపులు కింద, గోడ రెండు మూడు స్టాపులు పైన పడతాయి. రెండూ నెగటివ్‌లో హాయిగా ఇముడుతాయి. గోడను చూసి భయపడి ఇంకో రెండు స్టాపులు మూశారంటే, మదనిక చేతి గాజులు, నడుము మీది చెక్కడం మొత్తం నల్ల ముద్ద.

అపోహ: గ్రెయిన్ అంటే తెర మీద కనపడే వెండి రేణువులు.

ప్రాసెసింగ్‌లో బ్లీచ్, ఫిక్సర్ కలిసి వెండినంతా తీసేస్తాయి. కలర్ నెగటివ్‌లో చివరికి మిగిలేది రంగులే. వెలుతురు తగిలిన వెండి స్ఫటికం ఉన్న ప్రతిచోటా ఒక చిన్న రంగు మరక ఏర్పడుతుంది, ఆ మరకల గుంపునే మనం గ్రెయిన్ అంటున్నాం. నీలం, ఆకుపచ్చ, ఎరుపు వెలుతురును పట్టే పొరలు వేర్వేరు. ఒక్కో దాంట్లో మళ్లీ త్వరగా స్పందించే పెద్ద స్ఫటికాలు, నెమ్మదిగా స్పందించే చిన్నవి ఉంటాయి. తక్కువ వెలుతురుకు పెద్దవే స్పందిస్తాయి, గ్రెయిన్ అక్కడే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెలుతురు బాగా పడితే చిన్నవి కూడా చేరి సందులు పూడుస్తాయి. 500 స్పీడ్ (వెలుతురుకు స్పందించే వేగం) స్టాక్‌కి మీటర్‌లో 400 అనో 320 అనో పెట్టుకొని, అంటే కొంచెం ఎక్కువ వెలుతురు పడేలా తీసే కెమెరామెన్ అందుకే ఉన్నారు. ఫోన్ యాప్‌లు మాత్రం ఆకాశం మీద, ముఖం మీద ఒకే తీరుగా చల్లేస్తాయి. అది గ్రెయిన్ కాదు, దుమ్ము.

అపోహ: నెగటివ్ నారింజ రంగులో ఉందంటే పాతబడింది.

కొత్తదీ అలాగే ఉంటుంది. ఫిల్మ్‌లో ఏర్పడే మెజెంటా, సయాన్ రంగులు పూర్తి శుద్ధం కావు. మెజెంటా ఆకుపచ్చను మాత్రమే ఆపాలి, కానీ కొంత నీలాన్ని కూడా ఆపుతుంది. సయాన్‌కూ ఇలాంటి జబ్బే ఉంది. దీన్ని సరిచేయడానికి ఆ పొరల్లో ముందే లేత రంగున్న కప్లర్లు (డెవలపింగ్‌లో రంగును తయారుచేసే రసాయనాలు) కలుపుతారు. రంగు ఏర్పడినచోట అవి ఖర్చయిపోతాయి, ఏర్పడనిచోట మిగులుతాయి. దాంతో ఆ లోపం బొమ్మంతటా సమానంగా పరుచుకుంటుంది. సమానంగా ఉన్న రంగును ప్రింటింగ్‌లోనో స్కానింగ్‌లోనో తీసేయడం చాలా తేలిక. నాకు ఫిల్మ్ కెమిస్ట్రీ మొత్తంలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే అనిపిస్తుంది.

అపోహ: స్కాన్ చప్పగా వచ్చింది, ల్యాబ్ చెడగొట్టింది.

నెగటివ్ చప్పగానే ఉండాలి. దాని గామా (కాంట్రాస్ట్ కొలత) సుమారు 0.6. ప్రింట్ ఫిల్మ్‌కి కాంట్రాస్ట్ బాగా ఎక్కువ, రెండూ కలిస్తేనే తెర మీద బొమ్మ. ఇప్పుడైతే ప్రింట్ బదులు గ్రేడింగ్ (కంప్యూటర్‌లో రంగులు, కాంట్రాస్ట్ సరిదిద్దడం).

అపోహ: పుష్ చేయిస్తే నీడల్లో డిటైల్ వస్తుంది.

పుష్ అంటే డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచడం. అలా ఉంచితే కాంట్రాస్ట్, గ్రెయిన్ పెరుగుతాయి. పడని వెలుతురు మాత్రం రాదు.

అపోహ: టంగ్‌స్టన్ ఫిల్మ్ పగలు పనికిరాదు.

అది బల్బుల పసుపు వెలుతురు కోసం చేసిన ఫిల్మ్. నారింజ రంగు 85 ఫిల్టర్ పెడితే పగలూ శుభ్రంగా పనికొస్తుంది. ఫిల్టర్ కొంత వెలుతురు తినేస్తుంది కాబట్టి 500 స్పీడ్‌ను 320గా లెక్కేసుకోవాలి, అంతే.

ఇక దీపాల చుట్టూ ఎర్రటి వెలుగు వస్తేనే ఒరిజినల్ ఫిల్మ్ లుక్ అనేవాళ్లున్నారు. సినిమా నెగటివ్ వెనక చాలాకాలం రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పొర ఉండేది సరిగ్గా ఆ వెలుగును ఆపడానికే. దాన్ని ముందే తీసేసి స్టిల్ కెమెరాల కోసం అమ్మే రోల్స్‌లోనే ఆ ఎరుపు అంతగా కనపడుతుంది. రెమ్‌జెట్ ఉన్న రోల్‌ను మామూలు ఫొటో ల్యాబ్ మెషీన్‌లో వేయించకండి. ఆ నల్లటి మడ్డి కెమికల్స్‌లో కలిసి మీ రోల్‌తో పాటు పక్కవాళ్ల రోల్స్ కూడా పోతాయి.

చివరగా మన ఎండల సంగతి. మే నెలలో వరంగల్‌లో కారు డిక్కీలో రా స్టాక్ (ఇంకా తీయని ఫిల్మ్) వదిలేస్తే స్పీడ్ తగ్గుతుంది, ఫాగ్ (వెలుతురు పడకుండానే వచ్చే మసక) పెరుగుతుంది, మూడు రంగుల పొరలు ఒకే తీరుగా చెడవు కాబట్టి గ్రేడింగ్‌లో కూడా సరిగా కుదరదు. వాడని స్టాక్‌ను ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక డబ్బా సీల్ విప్పకుండా గది వేడికి రానివ్వండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. తీసిన రోల్‌ను ఇంట్లో దాచుకోకుండా వీలైనంత త్వరగా ల్యాబ్‌కి పంపండి.