బజ్జీల డబ్బులు ఎక్కడికి పోతాయంటే

పిల్లలూ, ఎలా ఉన్నార్రా అందరూ?

తాతయ్యా మేం ఫీజు కడుతున్నాం కదా, మళ్లీ అమ్మ వాళ్లు స్కూల్ గ్రౌండ్‌లో ఎండలో నిలబడి బజ్జీల స్టాల్ ఎందుకు పెట్టాలి అని చిన్నోడు అడిగాడు. ప్రశ్న బాగుంది, ఫోన్‌లో చెప్తే సగం వినరు మీరు, అందుకే రాస్తున్నా.

ఫీజులో జీతాలు, బిల్డింగ్, కరెంటు ఇవన్నీ వస్తాయి. ల్యాబ్ కూడా ఉంటుంది అనుకోండి, కానీ చాలా చోట్ల ల్యాబ్ అంటే తాళం వేసిన అద్దాల బీరువా, ఏదన్నా పగిలితే ఎవరు సమాధానం చెప్పాలని సార్‌కి భయం, సార్‌ని చూసి మీకు భయం. బజ్జీల డబ్బులతో మా పేరెంట్స్ గ్రూప్ కొనే సామాను అలాంటిది కాదు, పాడుచేసుకోడానికే కొంటాం. ఎల్ఈడీలు, సెల్స్, బొమ్మ మోటర్లు, వైర్లు, బంకమట్టి, విత్తనాలు. పోయినసారి ఆరో క్లాస్ పిల్ల ఒకతి 9 వోల్టుల బ్యాటరీకి ఎర్ర ఎల్ఈడీ డైరెక్టుగా పెట్టేసింది, ఒక్కసారి ధగ్గున వెలిగి చచ్చిపోయింది అది. దానికి కావల్సింది సుమారు 2 వోల్టులు, మిగతా 7 వోల్టుల్ని ఆపేవాడు మధ్యలో ఎవడూ లేడు మరి. ఇంకో ఎల్ఈడీ చేతిలో పెట్టి, ఈసారి మధ్యలో కరెంటుని అడ్డుకునే 330 ఓమ్స్ రెసిస్టర్ వెయ్యమంటే కరెంటు 20 మిల్లీ ఆంప్స్ దగ్గరికి దిగి హాయిగా వెలిగింది. అడ్డు పెరిగితే కరెంటు తగ్గుతుందనే ఓమ్స్ లా ఇంక ఆ పిల్లకి ఎవరూ బట్టీ పట్టించక్కర్లేదు. కాలిపోయిన దాని ఖరీదు ఎంతనుకున్నారు, మన బెంగళూరు ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డులో ఒకేసారి ఎక్కువ కొంటే చాక్లెట్ కంటే చవక!

ఒకాయన నేను చెక్ రాసిచ్చేస్తా, ఈ స్టాళ్ల గోల ఎందుకండీ అన్నారు. మంచి మనసే, కాదనను. కానీ చెక్ ఇచ్చినాయన మాటే రేపు మీటింగ్‌లో చెల్లుతుంది, అదే స్టాల్ అయితే పుణుగులు వేసినావిడ, ఒబ్బట్లు తెచ్చిన కన్నడ ఆంటీ, గిన్నెలు కడిగినాయన అందరూ లెక్క అడగొచ్చు. బిల్లులన్నీ నోటీసు బోర్డుకి గుచ్చేది కూడా అందుకే. గవర్నమెంట్ స్కూళ్లకి అయితే ఇది చట్టంలోనే ఉంది, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన కర్ణాటకలో దాన్ని ఎస్‌డీఎంసీ (స్కూల్ డెవలప్‌మెంట్ అండ్ మానిటరింగ్ కమిటీ) అంటారు.

అసలు డబ్బు కంటే మనుషులు దొరకడం కష్టం. క్లాసు మొత్తానికి టీచర్ ఒక్కరే అయితే వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్, కాలే కడ్డీ అది, ఎవరి చేతికిస్తారు చెప్పండి, టేబుల్‌కి ఒక పెద్ద మనిషి ఉండాల్సిందే. వచ్చినవాళ్లలో కూడా సాఫ్ట్‌వేర్ నాన్నలతో పెద్ద చిక్కు, పిల్లాడి చేతిలోంచి లాక్కుని మోడల్ అంతా వాళ్లే చేసేస్తారు (మీ నాన్న కూడా, చెప్పానని అనకండి). అదే మొన్న వచ్చిన వడ్రంగి నాన్న చూడండి, చెక్క నున్నగా చేసే చిత్రిక పిల్లల చేతికిచ్చి, చెక్క ఎటు లేస్తోందో వేలితో తడిమి చూడు అన్నాడంతే, ఎదురు దిక్కున పట్టి చెక్క పెచ్చులు లేచిపోతున్నా నోరు మెదపలేదు. వాళ్లే తిప్పి పట్టుకున్నారు. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 క్లాసుల పిల్లలకి 10 రోజులు బ్యాగు లేకుండా ఇలాంటి చేతిపనులు నేర్పాలని రాశారు, కానీ ఆ నేర్పేవాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు, మీ ఇళ్లలోంచే కదా రావాలి.

శనివారం టార్చి లైట్లు చేస్తున్నాం. ఖాళీ చెప్పుల డబ్బాలు ఇంట్లో పారేయకుండా పట్టుకురండి, జడలు వేసుకుని రండి, సోల్డరింగ్ టేబుల్ దగ్గర నేనే ఉండి చూస్తా కాబట్టి కాళ్లకి చెప్పులు కాదు, బూట్లు. స్టాల్‌లో చిల్లర సరిపోవట్లేదంట, మీ అమ్మకి గుర్తుచేయండి.

మీ తాతయ్య
బెంగళూరు