కొండెక్కుతారు సరే, దిగుతారా? ట్రెక్కింగ్ అపోహలు - వాస్తవాలు

కేదార్‌నాథ్ గుడి తలుపులు తీసే రోజులు దగ్గర పడితే తిరుపతిలో మా ఫిజియోథెరపీ వాళ్ళకు ఒక కొత్త రకం పేషెంట్లు మొదలవుతారు. నొప్పి ఏమీ ఉండదు. హిమాలయాలకు పోతున్నాం, ఒకసారి మోకాళ్ళు చూడండి అంటారు. ఆ వెంటనే వచ్చే మాట అందరిదీ ఒకటే: "నెలనెలా అలిపిరి మెట్లెక్కుతా మేడమ్, నాకేం గాదు."

అపోహ: అలిపిరి ఎక్కేవాళ్ళకు వేరే ప్రాక్టీసు అక్కర్లేదు.

ఎక్కుతారు, అనుమానం లేదు. 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. మోకాళ్ల పర్వతం దగ్గర కూడా ఆగకుండా పోయేవాళ్ళున్నారు. గుండెకూ ఊపిరికీ అంతకంటే మంచి వ్యాయామం ఈ ఊళ్ళో దొరకదు. మరి దర్శనం అయినాక? లడ్డూ తీసుకుని నేరుగా బస్సు. ఏళ్ళ తరబడి మెట్లెక్కినవాళ్ళ తొడలకు కూడా దిగడమంటే ఏందో తెలియదు. ట్రెక్కులో ఎక్కినదంతా కాళ్ళతోనే దిగాల. నా దగ్గరికి తిరిగొచ్చి కుంటేవాళ్ళలో చాలామంది ఎక్కేటప్పుడు బాగున్నవాళ్ళే.

ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుదించుకుంటూ ఒంటిని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, ఒళ్ళు కిందికి పడిపోకుండా పట్టి నిలుపుతుంది. పాత ఘాట్ రోడ్డులో దిగే బస్సుకు బ్రేకు చేసే పని అది. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా మోకాలి మీద పడే భారం ఒంటి బరువుకు మూడు రెట్లు దాటుతుంది. ఆయాసం రాదు కాబట్టి సులువనిపిస్తుంది గానీ కండరం నలిగేది ఇక్కడే. పైగా ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు. రెండో రోజు, మూడో రోజు ముదురుతుంది. ఇంట్లో అయితే దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు, కొండ మీద మళ్ళీ నడవాల్సిందే. అలిసిన తొడ పట్టు వదిలితే భారం మోకాలి చిప్ప మీదికి పోతుంది, లేదంటే చీలమండ మడతపడుతుంది.

ఇంకోటి చెప్పనా? మనం తిరుమలకు ఎక్కేది ఒట్టి కాళ్ళతో, ఒట్టి చేతులతో. సంచి అలిపిరిలో ఇచ్చేస్తే అదే పైకి చేరుతుంది. దారి పొడవునా తలపైన కప్పు, కాలి కింద కట్టిన మెట్టు. హిమాలయాల్లో అయితే బూట్లు, వీపున ఏడెనిమిది కిలోల బ్యాగు, కదిలే రాళ్ళు.

చిత్తూరు నుంచి ఒక జంట వచ్చినారు. ఆయన బ్యాంకులో పని, యాభైకి దగ్గర. ట్రెక్కుకు డబ్బులు కట్టేసి, ఆ తర్వాత ఇంట్లో చెప్పినాడు. ఆమె చేతులు కట్టుకుని కూర్చుని, "పంపించమంటారా మేడమ్? మీరు ఊ అంటేనే" అన్నింది. ఆయన్ను చిన్న పీట మీద ఒంటికాలితో నిలబెట్టి, రెండో కాలి మడమ మెల్లగా నేలకు ఆనించమన్నా. మూడోసారికే మోకాలు లోపలికి వాలిపోయి గోడ పట్టుకున్నాడు. ఆమె నవ్వింది, ఆయన నవ్వలేదు. "అలిపిరి రెండున్నర గంటల్లో ఎక్కుతానే!" అని ఆయన గొడవ.

ఆయనకు ఇచ్చింది ఆ పరీక్షనే. ఆరంగుళాల మెట్టు మీద నిలబడి, మూడు లెక్కపెట్టేంతసేపు తీసుకుంటూ దిగడం, కాలికి పదిసార్లు, మూడు విడతలు, రోజు మార్చి రోజు. మోకాలు బొటనవేలి వైపుకు వాలకూడదు. లెక్కపెట్టే పని ఆమె తీసుకుంది. ఆ తర్వాత అపార్ట్‌మెంట్ మెట్లు, ఎక్కేది లిఫ్టులోనే, దిగేది నడిచి. నెల తిరిగినాక తిరుమల నుంచి నడిచి దిగడం, అదీ నెమ్మదిగా, వేళల నిబంధనలు చూసుకుని (చిరుత భయం మామూలుది కాదు). బ్యాగులో మొదట మూడు కిలోలు, పోనుపోను పెంచుతూ. ఒకసారి దిగి నొప్పి పడిన కండరం మరుసటిసారి అంత నొప్పి పడదు, ఆ రక్షణ కొన్ని వారాలుంటుంది. అందుకే ఇదంతా రెండు మూడు నెలల ముందు మొదలు కావాల. చివరి వారం మాత్రం తేలిగ్గా ఉండండి.

మిగతావి గబగబా.

మెట్లెక్కితే మోకాళ్ళు అరిగిపోతాయా? ఆరోగ్యంగా ఉన్న మోకాలు కదిలితేనే బాగుంటుంది. వాపు, మెట్టు దిగేటప్పుడు పొడిచే నొప్పి ఉంటే మాత్రం ముందు చూపించుకోండి.

కర్పూరం మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందా? పెరగదు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, అంతే. ఈ వాట్సాప్ సలహా ఎంతమందికి ఖండించినా చావదు.

ఫిట్‌గా ఉన్నవాళ్ళకు ఎత్తు పడకపోవడం ఉండదా? ఇది ప్రాణాల మీదికి వచ్చే అపోహ. తిరుమల వెయ్యి మీటర్లు కూడా లేదు, కేదార్‌నాథ్ 3,500 మీటర్లు దాటింది. 2,500 దాటాక ఎవరికైనా రావచ్చు, గట్టివాళ్ళు వేగంగా ఎక్కేసి ముందే తెచ్చుకుంటారు. తలనొప్పి, వాంతి మొదలైతే ఇంక పైకి పోకూడదు. తగ్గకపోతే దిగిపోవాల. ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్ర డాక్టరు చెప్తేనే.

ఇంట్లోవాళ్ళు వద్దంటే పిరికితనం అనుకోకండి. బీపీ, షుగరు, నాన్నకు గుండెపోటు, ఇవి మీరు నాకు చెప్పడం మరిచిపోతారు, మీ భార్యో భర్తో మరిచిపోరు. చిత్తూరు ఆమె పోయే ముందు తలుపు దగ్గర ఆగి, "రాత్రిళ్ళు గురక పెడతాడు, మధ్యలో ఊపిరి ఆగినట్టుంటుంది, అది చెప్పాలా?" అన్నింది. చెప్పాలి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్ళకు ఎత్తున ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. పీటమెట్టు వ్యాయామం సాగుతుండగానే ఆయన్ను ఛాతీ డాక్టరు దగ్గరికి పంపినా. మీ ఇంట్లో కూడా అడిగి చూడండి, ట్రెక్కుకు డబ్బులు కట్టకముందే.