కెరువాక్ కాగితపు చుట్ట: గొడవ మొదలైంది 1973లో

జిమ్ ఇర్సే 2025 మేలో చనిపోయారు. ఇండియానాపొలిస్ కోల్ట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు యజమాని ఆయన. పేరున్న సంగీతకారుల గిటార్లతో పాటు అమెరికన్ రచయిత జాక్ కెరువాక్ నవల ‘ఆన్ ద రోడ్’ మొదటి టైపు ప్రతి, అంటే ఓ పొడవాటి కాగితపు చుట్ట, కూడా ఆయన దగ్గరే ఉండేది. ఆయన సేకరణ వేలం మాట వినబడగానే పాత పేచీ మళ్లీ లేచింది. ఆ కాగితపు చుట్ట డబ్బున్నవాళ్ల దగ్గర ఉండాలా, లైబ్రరీలో ఉండాలా?

జాక్ కెరువాక్ 1951 ఏప్రిల్లో కాగితాలు అతికించుకుని మూడు వారాల్లో దాన్ని టైపు చేసిన సంగతి, 1957లో నవల అచ్చయ్యాక ఇల్లు, ఉద్యోగం, కారు అనే చట్రం నచ్చని కుర్రకారు దాన్ని నెత్తిన పెట్టుకున్న సంగతి చాలామందికి తెలిసినవే. అచ్చులో మనుషుల పేర్లు మార్చారు. చుట్టలో మాత్రం అసలు పేర్లే ఉన్నాయి. అందుకే అభిమానులకు అదే ‘నిజమైన’ నవల. సుమారు 120 అడుగుల ఆ చుట్టలో చివరి ముక్కను ఓ కుక్క నమిలేసింది కూడా.

అయితే ఇప్పటి గొడవ మూలం చుట్టలో లేదు. 1973 నాటి ఒక వీలునామాలో ఉంది.

కెరువాక్ 1969 అక్టోబర్ 21న ఫ్లోరిడాలో చనిపోయారు. ఉన్నదంతా తల్లి గాబ్రియెల్ పేర రాశారు, భార్య స్టెల్లా సంపాస్‌కు ఏమీ రాయలేదు. తన ఆస్తి సొంత రక్తానికే చెందాలని, భార్య తరఫు చుట్టాలకు చిల్లిగవ్వ దక్కకూడదని ముందురోజు మేనల్లుడికి ఉత్తరం కూడా రాశారు, బూతులు కలిపి మరీ. 1973లో తల్లి పోయింది. ఆమెదని చూపిన వీలునామా ప్రకారం అంతా స్టెల్లాకు వెళ్లింది. 1990లో స్టెల్లా కూడా పోయాక ఆమె తోబుట్టువుల చేతికొచ్చింది.

ఆ వీలునామా మీది సంతకం ఫోర్జరీ అని ఫ్లోరిడా జడ్జి జార్జ్ గ్రీర్ 2009 జులైలో తీర్పిచ్చారు. పక్షవాతంతో మంచాన పడ్డ ఆ ముసలావిడ చేత్తో అలాంటి సంతకం పెట్టడం సాధ్యం కాదన్నారు. ఎవరు పెట్టారో మాత్రం తేల్చలేదు.

ఈ అనుమానాన్ని కోర్టుకెక్కించింది కెరువాక్ కూతురు జ్యాన్. తన బిడ్డే కాదని ఆయన చాలాకాలం బుకాయించారు. తండ్రిని ఆమె చూసింది రెండే సార్లు. కాపీరైట్ల పునరుద్ధరణ పుణ్యమా అని 1980లలో రాయల్టీల్లో వాటా దొరికింది కానీ, తండ్రి కాగితాల (రాతప్రతులు, ఉత్తరాలు వగైరా) మీద హక్కు రాలేదు. అవి ముక్కలు ముక్కలుగా అమ్ముడవుతుంటే చూడాల్సి వచ్చింది. 1991లో ఆయన రెయిన్‌కోటును నటుడు జానీ డెప్ 15,000 డాలర్లకు కొన్నారు. 1993లో గ్యాప్ కంపెనీ ఖాకీ ప్యాంట్ల ప్రకటనకు ఆయన ఫొటో వాడుకుంది. జ్యాన్ 1994లో దావా వేశారు. అప్పటికే కిడ్నీలు చెడిపోయి డయాలిసిస్ మీద ఉన్నారు. కాగితాలన్నీ కలిపి ఒకే లైబ్రరీకి ఇవ్వాలని ఆమె కోరిక. 1995 జూన్‌లో న్యూయార్క్ యూనివర్సిటీలో కెరువాక్ మీద జరిగిన సదస్సులో మాట్లాడబోతే బయటికి పంపించేశారు. అధికారాన్ని లెక్కచేయని రచయితను కొనియాడే సభ అది! ఏడాది తిరిగేసరికి, 1996 జూన్‌లో, 44 ఏళ్లకే ఆమె కన్నుమూశారు. తర్వాత ఆమె తరఫువాళ్లే తమలో తాము కొట్లాడుకున్నారు. కేసును చివరిదాకా లాగింది కెరువాక్ మేనల్లుడు.

సంపాస్ కుటుంబం వాదన వేరు. ఫోర్జరీ సంగతి తమకు తెలియదన్నారు. ఉత్తరాలూ అచ్చుకాని రచనలూ వెలుగులోకి తెచ్చామని, ఎక్కువ కాగితాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకే చేరాయని చెబుతారు. అదీ నిజమే.

చుట్టను మాత్రం లైబ్రరీకి ఇవ్వలేదు. 2001 మేలో క్రిస్టీస్ వేలంలో ఇర్సే దాదాపు 24.3 లక్షల డాలర్లకు దక్కించుకున్నారు. నవల కథానాయకుడికి మూలమైన నీల్ కాసడీ మాజీ భార్య కేరొలిన్ అప్పుడే అభ్యంతరం చెప్పారు. జాక్‌కు లైబ్రరీలంటే ఇష్టమని, డబ్బున్నవాళ్లెవరైనా కొని దాచేసుకోవచ్చని ఆమె భయం. ఆ భయం నిజం కాలేదు. ఇర్సే దాన్ని ఊరూరా ప్రదర్శనకు పంపారు. అది ఆయన మంచితనం, అలా చేయాలన్న షరతు ఏదీ ఆయన మీద లేదు.

గ్రీర్ తీర్పు వచ్చేసరికి ఆ అమ్మకం జరిగి ఎనిమిదేళ్లు దాటింది. తీర్పు తర్వాత కూడా సాహిత్య ఆస్తి సంపాస్ కుటుంబం చేతుల్లోనే ఉంది. చుట్టను ఎవరు కొన్నా వాళ్లకు వచ్చేది కాగితమే, నవల హక్కులు కావు. నవల మీద అమెరికా కాపీరైట్ 2052 చివరిదాకా నడుస్తుంది.